పాత సాధన, కొత్త చాప

యోగా పేరుతో నేడు కలిసి నడుస్తున్నవి నిజానికి రెండు అభ్యాసాలు. కదలకుండా కూర్చుని ఊపిరినీ మనసునూ నిలిపే సాధన ఒకటి. ఒళ్లు వంచి, సాగదీసి, బిగించి, సడలించే ఆసనాభ్యాసం రెండోది. మొదటిది చాలా పాతది. రెండోది మధ్యయుగాల్లో రూపు కట్టి, ఇరవయ్యో శతాబ్దంలో ఇప్పటి ఆకారానికి వచ్చింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణాల్లో తెల్లవారుజామున బడి ఆవరణల్లో, పార్కుల్లో, ఫంక్షన్ హాళ్లలో చాపలు పరిచి చేయించేది ఎక్కువగా ఈ రెండోదే. కానీ మొదటిదానికి కూడా ఇక్కడే, గోదావరికీ మానేరుకూ నడుమ, వెయ్యేళ్లు దాటిన ఆనవాళ్లున్నాయి.

అన్నిటికంటే పాత ఆనవాలు ఒక బౌద్ధ గ్రంథంలో ఉంది. సుత్తనిపాతంలో బావరి అనే వృద్ధ బ్రాహ్మణుడి వృత్తాంతం వస్తుంది. కోసల దేశం నుంచి దక్షిణాపథానికి వలస వచ్చి, అస్మక దేశపు పొలిమేరలో గోదావరి ఒడ్డున ఆశ్రమం వేసుకున్నాడాయన. తన పదహారుమంది శిష్యులను బుద్ధుడి దగ్గరకు పంపాడు. వాళ్లు అడిగిన ప్రశ్నలు, బుద్ధుడు చెప్పిన జవాబులు కలిసి పారాయణ వర్గం అయ్యాయి. బౌద్ధ వాఙ్మయంలో మిక్కిలి ప్రాచీనమైన భాగాల్లో ఇదొకటని పండితుల మాట. ధ్యానంలో మనసుకు ఏది ఆలంబనం, తలపులు ఎక్కడ అణుగుతాయి అనేవి ఆ శిష్యులు అడిగిన వాటిలో ఉన్నాయి. అస్మక రాజధాని నేటి బోధన్ అనీ, బావరి ఆశ్రమం ఉన్న చోటు గోదావరి పాయల మధ్య ఉన్న బాదనకుర్తి అనీ తెలంగాణ చరిత్రకారులు పలువురు గుర్తించారు. బాదనకుర్తి ఇప్పుడు నిర్మల్ జిల్లాలో, కోరుట్లకు ఉత్తరాన ఉంది.

రెండో ఆనవాలు జైనులది. దీనికి కచ్చితమైన తేదీ కూడా ఉంది. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో గంగాధర వస్తుంది. సోమదేవసూరి తన సంస్కృత చంపూ కావ్యం యశస్తిలకాన్ని 959లో ఇక్కడే ముగించాడు. అప్పుడు ఇక్కడ ఏలుబడి వేములవాడ చాళుక్యులది. ఆ కావ్యం చివరి భాగాల్లో కథ పక్కకు తప్పుకుని, గృహస్థు ఆచరించవలసిన నియమాల వివరణ మొదలవుతుంది. ధ్యానవిధి కూడా అందులో ఒక అధ్యాయం. అంటే ఇల్లు వదలని మనిషి కోసం ధ్యాన పాఠం ఒకటి వెయ్యేళ్ల కిందట గంగాధరలో రాశారన్నమాట. 966 నాటి పర్భణి తామ్రశాసనం వేములవాడలోని శుభధామ జినాలయం కోసం సోమదేవుడికి చేసిన దానాన్ని నమోదు చేసింది. గంగాధర పక్కనే కురిక్యాల బొమ్మలగుట్ట ఉంది. పంపకవి తమ్ముడు జినవల్లభుడు వేయించిన శాసనంలోని తెలుగు కంద పద్యాల వల్ల సాహిత్య విద్యార్థులందరికీ ఆ గుట్ట పేరు తెలుసు. పద్యాల పైన చెక్కిన జిన ప్రతిమల వైపు మాత్రం చూసేవాళ్లు తక్కువ. జైన శిల్పంలో తీర్థంకరుడికి రెండే భంగిమలు: పద్మాసనంలో కూర్చోవడం, కాయోత్సర్గంలో చేతులు వదిలేసి నిటారుగా నిలబడటం. నేటి యోగా తరగతి తాడాసనంతో మొదలవుతుంది. చేతులు పైకెత్తకముందు నిలబడే ఆ తీరుకూ కాయోత్సర్గానికీ చూపులో పెద్ద తేడా లేదు. ఉద్దేశంలో మాత్రం చాలా తేడా ఉంది. తీర్థంకరుడు దేహాన్ని మరిచిపోవడానికి నిలబడ్డాడు. చాప మీద నిలబడ్డవాళ్లు దేహాన్ని గుర్తు చేసుకోవడానికి నిలబడతారు.

మూడోది జగిత్యాల జిల్లాకే తలమానికమైన ధర్మపురి. అక్కడి నరసింహుడు యోగానందుడు. హిరణ్యకశిపుణ్ని చీల్చే ఉగ్రమూర్తిని ఎరిగినవాళ్లకు యోగ నరసింహుడి శిల్ప లక్షణం కొత్తగా అనిపిస్తుంది. మోకాళ్లు పైకి ముడిచి, పాదాలు దగ్గరగా పెట్టి, ముంజేతులు మోకాళ్ల మీద చాచి కూర్చుంటాడు. రెండు మోకాళ్లనూ నడుమునూ చుట్టి ఒక పట్టీ ఉంటుంది. దాని పేరు యోగపట్టం. గంటల తరబడి కూర్చున్నా వెన్ను వాలకుండా, కాళ్లు జారకుండా పట్టుకునే సాధనం అది. పతంజలి యోగసూత్రాల వ్యాసభాష్యంలో డజను దాకా ఆసనాల పేర్లు ఉన్నాయి. వాటిలో సోపాశ్రయం అన్నది యోగపట్టం ఊతంతో కూర్చునేదేనని తర్వాతి వ్యాఖ్యాతలు చెప్పారు. ఇరవయ్యో శతాబ్దంలో బి.కె.ఎస్. అయ్యంగార్ పెద్దవాళ్లకూ నొప్పులున్నవాళ్లకూ బెల్టు, చెక్క దిమ్మె, కుర్చీ ఇచ్చి ఆసనాలు వేయించినప్పుడు, శాస్త్రం ఇలా ఊతాలు పెట్టుకుంటుందా అని అడిగినవాళ్లున్నారు. వాళ్లు ఒకసారి యోగ నరసింహుడి మోకాళ్ల వంక చూస్తే సరిపోయేది.

ఇక దేశం మొత్తం మీద యోగ చరిత్ర. మొహెంజొదారోలో 1928-29 తవ్వకాల్లో దొరికిన ముద్ర మీద కొమ్ముల కిరీటంతో, మడమలు దగ్గరగా చేర్చి కూర్చున్న ఆకృతి ఉంది. జాన్ మార్షల్ దాన్ని శివుడి తొలిరూపంగా భావించాడు. ఆ ముద్ర మీది లిపిని ఇంతవరకు ఎవరూ చదవలేకపోయారు కాబట్టి, దాన్నిబట్టి యోగాకు అయిదు వేల ఏళ్లని ఢంకా బజాయించడం తొందరపాటే. ఉపనిషత్తుల దగ్గరకు వస్తే నేల గట్టిపడుతుంది. కఠోపనిషత్తు ఇంద్రియాలను నిలకడగా పట్టి ఉంచడాన్ని యోగంగా చెప్పింది. శ్వేతాశ్వతరోపనిషత్తు ఇంకాస్త ఆచరణలోకి దిగి, గులకరాళ్లు లేని చదునైన శుభ్రమైన చోటు, గాలి విసురు తగలని చోటు ఎంచుకోమంది.

పతంజలి యోగసూత్రాలు నాలుగు పాదాలు, 195 సూత్రాలు. కొన్ని ప్రతుల్లో 196. క్రీ.పూ. రెండో శతాబ్దమని పాత అభిప్రాయం. క్రీ.శ. నాలుగు, అయిదు శతాబ్దాలని ఇటీవలి పరిశోధకుల్లో ఎక్కువమంది లెక్క. యమం, నియమం, ఆసనం, ప్రాణాయామం, ప్రత్యాహారం, ధారణ, ధ్యానం, సమాధి అనే ఎనిమిది అంగాల్లో ఆసనానికి పతంజలి కేటాయించినవి మూడే సూత్రాలు. సుఖంగా, కదలకుండా కూర్చోవడం వరకే ఆయన పట్టింపు. బలంగా వంగమని, తలకిందులుగా నిలబడమని ఎక్కడా చెప్పలేదు. పతంజలి పేరు మీద నేడు జరిగే ఆసనాల తరగతుల్లో ఈ సంగతి వినిపించడం అరుదు.

ఒళ్లు వంచే యోగం హఠయోగులది. పదకొండో శతాబ్దం నుంచి ఈ గ్రంథాలు కనిపిస్తాయి. పదిహేనో శతాబ్దంలో స్వాత్మారాముడు కూర్చిన హఠప్రదీపికలో పదిహేను ఆసనాలున్నాయి. ఆ తర్వాతి ఘేరండ సంహితకు వచ్చేసరికి అవి ముప్పై రెండయ్యాయి. ఈ మార్గానికి తెలుగునాట పీఠం శ్రీశైలం. నాథ సిద్ధుల కథలను పదిహేనో శతాబ్దంలో గౌరన ద్విపదలో నవనాథ చరిత్రగా చెప్పాడు. చెప్పించినవాడు శ్రీశైల భిక్షావృత్తి మఠాధిపతి. మల్లికార్జునాలయ ప్రాకారం మీద వరసలు వరసలుగా చెక్కిన సిద్ధులు, యోగులు నేటికీ కనిపిస్తారు. ఓరుగల్లు మట్టెవాడకు చెందిన పరశురామ పంతుల లింగమూర్తి సీతారామాంజనేయ సంవాదంలో తారక, సాంఖ్య, అమనస్క యోగాలను తెలుగు పద్యాల్లోకి దించాడు. అందులోనూ ప్రధానం ఒళ్లు కాదు, మనసే.

యోగం ఒక మతం ఇంటి సొత్తుగా ఉండిపోలేదు. పదకొండో శతాబ్దంలో అల్‌బెరూనీ పతంజలిని అరబ్బీలోకి తీసుకుపోయాడు. పదహారో శతాబ్దంలో గ్వాలియరు సూఫీ గురువు మహమ్మద్ గౌస్ పారసీలో బహ్రుల్ హయాత్ రాశాడు. దాని బొమ్మల ప్రతి ఒకటి 1600 ప్రాంతంలో, తర్వాత జహంగీర్ అయిన యువరాజు సలీం కోసం తయారైంది. ఆసనాలను వరసగా బొమ్మలు గీసి చూపిన పుస్తకాల్లో ఇప్పటికి దొరికినంతలో అదే మొదటిది. జగిత్యాల, కోరుట్ల లాంటి, ముస్లిం కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్న పట్టణాల్లో యోగా ప్రచారకులు మొదట చెప్పదగ్గ ముచ్చట ఇది.

ఆధునిక యోగా కథలో తెలుగు నేలకు చిన్న పాత్ర ఉంది. 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాద్ మహబూబ్ కళాశాలలో వివేకానందుడు ప్రసంగించాడు. అదే ఏడాది షికాగో వెళ్లాడు. 1896లో రాజయోగం పుస్తకం వచ్చింది. ఆయనకు హఠయోగం మీద గురి లేదు. ధ్యానమే యోగమన్నాడు. ఆసనాలకు గౌరవం తెచ్చినవాళ్లు తర్వాత వచ్చారు. 1918లో శ్రీ యోగేంద్ర ముంబైలో యోగా ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టాడు. 1924లో స్వామి కువలయానంద లోనావ్లాలో కైవల్యధామ స్థాపించి, ఆసనాలు వేసేవాళ్ల నాడి, రక్తపోటు కొలవడం ఆరంభించాడు. 1930ల్లో మైసూరు ప్యాలెస్ యోగశాలలో తిరుమలై కృష్ణమాచార్య కుర్రవాళ్లకు నేర్పిన ఆసనాల వరసల్లో వ్యాయామశాల ఛాయలు కూడా ఉన్నాయని పరిశోధకులంటారు. ఆయన శిష్యులే అయ్యంగార్, పట్టాభి జోయిస్, ఇంద్రాదేవి. ప్రపంచమంతా నేడు చేస్తున్న యోగాలో సగానికి పైగా ఆ ఒక్క శాల నుంచి బయల్దేరిందంటే అతిశయోక్తి కాదు. అయ్యంగార్ 1966 నాటి పుస్తకంలో ఆసనాలు రెండు వందలకు చేరాయి. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ధ్యాన పద్ధతులన్నిటినీ తోసిపుచ్చినా, ఆసనాలు మాత్రం అయ్యంగార్ దగ్గరా, ఆ తర్వాత కృష్ణమాచార్య కొడుకు దేశికాచార్ దగ్గరా శ్రద్ధగా నేర్చుకున్నాడు.

సూర్య నమస్కారాల సంగతి వేరు. ఈ భంగిమల వరసను దేహదారుఢ్యం కోసం ఊరూరా ప్రచారం చేసినవాడు మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు భవానరావు. దాన్ని మొదట వ్యాయామంగానే చూశారు. యోగాలో కలిసిపోయింది తర్వాతే.

చిన్న పట్టణాలకు యోగా చేరింది టీవీ వల్ల. దూరదర్శన్ రోజుల్లో ధీరేంద్ర బ్రహ్మచారి, 2000 తర్వాత ఆస్థా ఛానల్లో రామ్‌దేవ్, తెలుగు ఛానళ్లలో ప్రకృతి వైద్యంతో కలిపి మంతెన సత్యనారాయణ రాజు ఇళ్లలోకి వచ్చారు. పొద్దున్నే టీవీ ముందు కూర్చుని కపాలభాతి చేసే అలవాటు ఆ రోజుల్లోనే పుట్టింది. టీవీ చూసి నేర్చుకున్నవాళ్లను చాప మీదికి తెచ్చిన పని పతంజలి యోగ సమితి లాంటి సంస్థల స్థానిక శాఖలది, ఊళ్లో ఉండే విశ్రాంత ఉపాధ్యాయులది. ఫీజు లేదు, యూనిఫాం లేదు, వచ్చినవాళ్లు వస్తారు. పదవీ విరమణ చేసిన బడిపంతులు మైకు పట్టుకుని లెక్క పెడుతుంటే నలభై యాభైమంది చేసే ఈ తరగతులే తెలంగాణ పట్టణాల్లో యోగాకు అసలు పునాది. జూన్ 21 వేడుకల వార్తలు పేపర్లో వస్తాయి. మిగతా 364 రోజుల సంగతి చూసుకునేది వీళ్లే.

ఆ జూన్ 21 చరిత్ర అందరికీ తెలిసిందే. 2014 సెప్టెంబరు 27న ఐక్యరాజ్యసమితిలో ప్రధాని నరేంద్ర మోదీ ప్రతిపాదించారు. డిసెంబరు 11న సర్వప్రతినిధి సభ ఆమోదించింది. 177 దేశాలు తీర్మానానికి సహ ప్రతిపాదకులుగా నిలిచాయి. 2015లో ఢిల్లీ రాజ్‌పథ్‌లో జరిగిన మొదటి వేడుకకు 35,985 మంది వచ్చారు. 2016లో యునెస్కో మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో యోగా చేరింది. 2025లో ప్రధాన వేడుక విశాఖ సాగరతీరంలో మూడు లక్షల మందికి పైగా జనంతో జరిగింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంతకు ముందు నెల రోజులు యోగాంధ్ర పేరుతో శిక్షణ నడిపింది. ఈ వేడుకల కోసం ఆయుష్ శాఖ తయారు చేసిన ఉమ్మడి కార్యక్రమం ముప్పావు గంటది. మెడ, భుజాలు, మోకాళ్లు సడలించే కదలికలు, నిలబడి, కూర్చుని, బోర్లా, వెల్లకిలా వేసే పద్దెనిమిది దాకా ఆసనాలు, కపాలభాతి, నాడీశోధన, శీతలి, భ్రామరి, చివర ధ్యానం అందులో ఉన్నాయి. సూర్య నమస్కారాలు లేవు. 2015లో కొన్ని ముస్లిం సంస్థలు అభ్యంతరం చెప్పినప్పుడు ప్రభుత్వం వాటిని పక్కన పెట్టింది. తెలివైన పనే. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న కోరుట్ల, మెట్‌పల్లి పల్లెలకు ఇంకో సంగతి కూడా తెలియాలి: 2017లో సౌదీ అరేబియా యోగాను క్రీడగా గుర్తించింది. అందుకు కృషి చేసిన సౌదీ మహిళ నౌఫ్ మర్వాయికి 2018లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

తేదీ విషయంలో ఒక చిక్కుంది. జూన్ 21 ఉత్తరార్ధగోళంలో పొడవైన పగలు కావచ్చు గానీ, ఇక్కడ అది ఏరువాక సమయం. మృగశిర వానలు పడి, రైతు విత్తనం కోసం, ఎరువుల కోసం పరుగులు తీసే రోజులు. జిల్లా కేంద్రంలో వేడుకకు వచ్చేది ఉద్యోగులు, విద్యార్థులు, పోలీసులు, అప్పటికే యోగా చేసేవాళ్లు. నడుము నొప్పి నిజంగా ఉన్న జనం ఆ పొద్దున పొలంలో ఉంటారు.

యోగా వల్ల ఏమి జరుగుతుందో, ఏది జరగదో వైద్య పరిశోధన చాలావరకు తేల్చింది. 1950ల చివర్లో అమెరికా శాస్త్రజ్ఞులు వెంగర్, బాగ్చీ, ఢిల్లీ వైద్యుడు బి.కె. ఆనంద్ కలిసి, గుండెను ఆపగలమన్న యోగులను ఈసీజీ యంత్రాలతో పరీక్షించారు. గుండె ఆగలేదు. ఊపిరి బిగబట్టి ఛాతీ కండరాలు బిగించడంతో గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గి, నాడి చేతికి అందకుండా పోయిందంతే. అయితే కొద్దికాలానికి ఆనంద్ బృందమే రామానంద యోగిని గాలి చొరని పెట్టెలో కూర్చోబెట్టి కొలిచినప్పుడు, ఆయన ఒంటికి పట్టే ఆక్సిజన్ విశ్రాంతి స్థాయికంటే బాగా తగ్గినట్టు తేలింది. మహిమ లేదని తేలింది, సాధన ఉందని కూడా తేలింది. ఆ తర్వాతి పరిశోధనంతా ఈ రెండింటి మధ్యే నడిచింది.

1969లో ముంబై హృద్రోగ నిపుణుడు కె.కె. దాతే, రక్తపోటు రోగులతో రోజూ శవాసనం వేయించి చాలామందిలో పోటు తగ్గడం చూశాడు. 1985లో బెంగళూరుకు చెందిన నాగరత్న, నాగేంద్ర ఉబ్బసం రోగుల మీద చేసిన అధ్యయనం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. 2001లో అదే పత్రికలో ఇటలీ వైద్యుడు బెర్నార్డీ బృందం ఒక సరదా సంగతి రాసింది. క్రైస్తవుల జపమాల ప్రార్థన చదివినా, బౌద్ధ మంత్రం జపించినా ఊపిరి నిమిషానికి ఆరు సార్లకు దిగుతోంది. ఆ వేగంలో గుండె లయ, రక్తనాళాల లయ ఒకదానితో ఒకటి కలుస్తున్నాయి. ప్రాణాయామం చేసే పనికి ఇదే కీలకం. మంత్రం ఏదైనా ఫరవాలేదు, ఊపిరి నెమ్మదించాలి. భ్రామరిలో చేసే తుమ్మెద నాదం వంటి ఝుంకారానికి ముక్కులో నైట్రిక్ ఆక్సైడ్ వాయువు దాదాపు పదిహేను రెట్లు పెరుగుతుందని 2002లో స్వీడన్ పరిశోధకులు కొలిచారు.

దీర్ఘకాలపు నడుము నొప్పి విషయంలో ఆధారాలు మరింత గట్టివి. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ మార్గదర్శకాలు మందుల కంటే ముందు ప్రయత్నించవలసిన వాటిలో యోగాను చేర్చాయి. అయితే ఏమీ చేయనివాళ్లతో పోలిస్తే లాభం కనిపిస్తుంది గానీ, వీపుకు సంబంధించిన ఇతర వ్యాయామాలతో పోలిస్తే తేడా అంతగా లేదని కోక్రేన్ సమీక్షలు చెబుతున్నాయి. రక్తపోటు, మధుమేహంలో లాభం ఉంది, కొద్దిగా ఉంది. మాత్ర మానేసేంత ఉండదు. అన్నిటికంటే ముఖ్యంగా, మామూలు యోగా తేలికపాటి శ్రమ మాత్రమే. వారానికి 150 నిమిషాలు చెమట పట్టేంత శారీరక శ్రమ ఉండాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతకు అది చాలదు. కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్లకు వేగంగా నడక కూడా తోడవ్వాలి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణాల్లో కుర్చీ ఉద్యోగులు కొందరే. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి చుట్టూ వేలాది మహిళలకు బీడీలే బతుకు. సిరిసిల్లలో వేల సంఖ్యలో సాంచెలు, అంటే మరమగ్గాలు. అందరికీ ఒకే వరస ఆసనాలు చేయించడం ఇక్కడ సరిపడదు. కారణం ఆ పనులను దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

బీడీలు చుట్టే మనిషి నేల మీద కాళ్లు మడిచి, ఒడిలో చాట పెట్టుకుని కూర్చుంటుంది. తడిపి గుడ్డలో చుట్టిన తునికాకును కత్తెరతో కొలతకు కత్తిరించి, చిటికెడు తంబాకు పరిచి, చుట్టి, కొస ముడిచి, దారం కడుతుంది. ఒక్కో బీడీకి క్షణాల పని. వెయ్యి కావాలంటే పొద్దంతా. అంతసేపూ తల చాట మీదికి వంగి ఉంటుంది, భుజాలు ముందుకు వస్తాయి, వీపు విల్లులా వంకర తిరుగుతుంది, బొటనవేలు, చూపుడువేలు క్షణం ఆగవు. తంబాకు దుమ్ము ముక్కులోకి పోతూనే ఉంటుంది. ఈమెకు సుఖాసనం నేర్పనక్కర్లేదు. నేల మీద కూర్చోవడంలో పట్నం శిక్షకులకంటే ఆమెదే పైచేయి. పాదహస్తాసనం, పశ్చిమోత్తానాసనం లాంటి ముందుకు వంగే ఆసనాలు ఎక్కువ చేయిస్తే రోజంతా పడ్డ వంపుకు ఇంకాస్త వంపు చేర్చినట్టే. కావలసింది దీనికి ఎదురు దిశ. అర్ధచక్రాసనం, భుజంగాసనం, శలభాసనం, సేతుబంధాసనం వీపును వెనక్కి తెస్తాయి. మెడను నెమ్మదిగా నిటారు చేసి, భుజాలను వెనక్కి తిప్పే సూక్ష్మ వ్యాయామాలు గంటకోసారి రెండు నిమిషాలు చాట పక్కన పెట్టి చేయగలిగినవి. వేళ్లు చాపి ముడిచే కదలికలు చూడటానికి చిన్నవే, మణికట్టు లాగే మనిషికి అవే పెద్దవి. చుట్టే గదిలో ప్రాణాయామం వద్దు, వాకిట్లోకి రావాలి.

సాంచెల కార్మికుడిది తిరగబడ్డ కథ. ఇతనికి కూర్చోవడం ఉండదు. పది సాంచెల దాకా ఒక్కడే చూసుకుంటూ, వరసల మధ్య తిరుగుతూ, తెగిన పోగు అతికిస్తూ, కండెలు మారుస్తూ, నాడె కదలిక మీద కన్నేసి ఉంచాలి. షిఫ్టు పన్నెండు గంటలు. మోత ఎంతంటే పక్కనున్న మనిషితో సైగలతో మాట్లాడాల్సిందే. సాయంత్రానికి పిక్కలు బిగుసుకుపోతాయి, పాదాలు ఉబ్బుతాయి. ఇతనికి నిలబడే ఆసనాలు అదనపు పని. గోడకు కాళ్లు ఆనించి పది నిమిషాలు పడుకోవడం, ఉత్తానపాదాసనం, పవనముక్తాసనం, మకరాసనం, చివర శవాసనం ఎక్కువ మేలు. చెవులు మూసుకుని చేసే భ్రామరి, మోత ఆగాక కూడా చెవుల్లో హోరు వినిపించే మనిషికి కొంత నెమ్మది ఇస్తుంది. అది చెవుడును మాన్పదు. చెవులకు రక్షణ, షెడ్డులో గాలి ఆడే ఏర్పాటు యజమాని చేయవలసిన పనులు, వాటికి ఆసనం ప్రత్యామ్నాయం కాదు. కూలి గిట్టక, ఆర్డర్లు లేక, అప్పుల్లో కూరుకుపోయిన ఇంటికి ధ్యానం మందు అని చెప్పడం ఇంకా అన్యాయం. సిరిసిల్లలో నేతన్నల ఆత్మహత్యల చరిత్ర తెలిసినవాళ్లెవరూ ఆ మాట అనరు.

నాట్లు వేసే, కలుపు తీసే ఆడకూలీలది బీడీ కార్మికుల సమస్యే, ఇంకాస్త ముదిరింది. నడుము వెనక్కి వంచే ఆసనాలే వాళ్లకూ.

జాగ్రత్తల విషయంలో ప్రచారం చాలా వెనకబడి ఉంది. రక్తపోటు ఎక్కువున్నవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు, ఇటీవల కడుపు ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు కపాలభాతి జోరుగా చేయకూడదు. గ్లాకోమా ఉన్నవాళ్లు శీర్షాసనం జోలికి పోకూడదు, తలకిందులైనప్పుడు కంట్లో ఒత్తిడి బాగా పెరుగుతుంది. మెడ ఎముకలు అరిగినవాళ్లకు హలాసనం, సర్వాంగాసనం ప్రమాదం. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవాళ్లు పరగడుపున ఎక్కువసేపు చేసేటప్పుడు చక్కెర పడిపోకుండా చూసుకోవాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్హేలర్ పక్కన పెట్టేయకూడదు. యోగాతో క్యాన్సర్, మధుమేహం సమూలంగా పోతాయని చెప్పే గురువును నమ్మనక్కర్లేదు. మందుల గురించి తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 2024లో సుప్రీంకోర్టు రామ్‌దేవ్, ఆచార్య బాలకృష్ణల చేత పత్రికల్లో బహిరంగ క్షమాపణ చెప్పించిన సంగతి గుర్తుంచుకుంటే చాలు.

శిక్షకుడు ఎవరన్నది అందుకే ముఖ్యం. యోగా, ప్రకృతి వైద్యంలో నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్‌తో డిగ్రీ ఉంది. హైదరాబాద్‌లో గాంధీ ప్రకృతి వైద్య కళాశాల అందుకు పాతపేరు. సికింద్రాబాద్‌లో వేమన యోగ పరిశోధనాలయం ఉంది. ఆయుష్ శాఖ కింది యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్ష పెట్టి శిక్షకులకు యోగ్యతాపత్రాలిస్తుంది. ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ల సేవల్లో కూడా యోగా ఒకటి. జబ్బున్నవాళ్లు ముందు అక్కడి వైద్యుడికి చూపించుకుని, ఏవి చేయొచ్చో ఏవి వద్దో రాయించుకుని తరగతికి వెళ్లడం మేలు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఇంత తతంగం అక్కర్లేదు, ఊళ్లోని పంతులుగారి తరగతి చాలు.

మిగిలింది వేళ. పట్టణాల్లో తరగతులు అయిదు, అయిదున్నరకు మొదలై ఆరున్నరకు ముగుస్తాయి. రాత్రి షిఫ్టు చేసిన సాంచెల కార్మికుడు అప్పటికి ఇంకా షెడ్డులోనే ఉంటాడు. బీడీల మనిషి వంట, నీళ్లు, పిల్లల బడి హడావుడిలో ఉంటుంది. ఈ ఇద్దరి కోసమైతే షిఫ్టు మారే వేళ షెడ్డు బయటి అరుగు మీదా, మధ్యాహ్నం బీడీలు అప్పజెప్పే చోటా పావుగంట కార్యక్రమం పెట్టాలి. పైన చెప్పిన వాటిలో మెడ, భుజాల, వేళ్ల కదలికలకు, అర్ధచక్రాసనానికి, భ్రామరికి చాప కూడా అవసరం లేదు.